బీపీకి పగటి లెక్క ఉంది, రాత్రి లెక్కా ఉంది
(వార్షిక మహాసభలో మండల సమాఖ్య ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా మన కోశాధికారి అక్క పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బాకీ ఎంత అన్నది చదివి వినిపించింది. ఆ లెక్కలో పది రూపాయల తేడా వచ్చినా మనం ఊరుకోం. పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చుంటాం. మేం చెప్పబోయేది కూడా లెక్కనే. ఒంటి లెక్క. దాన్ని మనం ఇన్నేళ్లు రాయలేదు. రాయకపోవడం వల్ల ఏం జరిగిందో ముందు చెప్తాం.

పోయిన ఏడాది పత్తి ఏరే కాలంలో మా గ్రామ సంఘంలో ఒక అక్క తెల్లారగట్ల వాకిలి ఊడవడానికి లేచింది. నాలుగు అడుగులు వేసిందో లేదో, చేతిలో చీపురు జారిపోయింది. మూతి ఒక పక్కకు పోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందన్నారు. పసరు పోయిద్దామని ఇంకో ఊరికి ఆటోలో తీసుకుపోయారు. అక్కడినుంచి పెద్ద దవాఖానాకు చేరేసరికి పొద్దు గూకింది. ప్రాణం నిలిచింది గానీ కుడి చెయ్యి రాలేదు. ఆ చేత్తో రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన మనిషి. సంఘంలో చేరినాకే సంతకం నేర్చుకుని, మినిట్స్ పుస్తకంలో అందరికంటే గుండ్రంగా పెట్టేది. ఇప్పుడు మళ్లీ వేలిముద్ర వేస్తోంది.

ఆ అక్కకు బీపీ ఉందని అంతకు రెండేళ్ల ముందే తెలుసు. గోళీలు కూడా మొదలుపెట్టింది. నాలుగు నెలలు వేసుకుని మానేసింది. ఎందుకు మానేశావని అడిగితే, "నెత్తి నొస్తలేదు, కండ్లు తిరుగుతలేవు, మంచిగనే ఉన్న. ఇంకెందుకనుకున్న" అంది. తప్పు ఆమె ఒక్కదానిదే అని మేం అనుకోవడం లేదు. వాయిదా ఒక్కటి ఆగితే మేమే నలుగురం కలిసి ఆమె ఇంటికి పోయి అడిగినవాళ్లం. గోళీలు ఆగినప్పుడు ఒక్కరం కూడా అడగలేదు. అందుకే ఈ ఏడాది ఈ పని ఎత్తుకున్నాం. పీహెచ్‌సీ డాక్టరమ్మ దగ్గర, ఏఎన్ఎం అక్క దగ్గర కూర్చుని నేర్చుకున్నది, చేసిన తప్పులతో సహా మీ ముందు పెడుతున్నాం.

ఎంతమందికి ఉంది?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి బీపీ ఎక్కువగా ఉంది, లేదంటే దానికి గోళీలు వాడుతున్నారు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇంచుమించు అంతే. మగవాళ్లలో ఇంకా ఎక్కువ. పది మంది ఉన్న సంఘంలో ఇద్దరో ముగ్గురో ఉంటారన్న మాట. వయసు మీదపడ్డవాళ్లు ఎక్కువున్న సంఘమైతే ఇంకా ఎక్కువమంది ఉంటారు. చాలామందికి ఏ బాధా ఉండదు. నొప్పి ఉన్న రోగమైతే మనమే దవాఖానాకు ఉరుకుతాం. నొప్పి లేనిది కాబట్టే మోసం చేస్తుంది.

బీపీ రోజంతా ఒక్కతీరుగా ఉండదు

మాకు తెలియని ముఖ్యమైన సంగతి ఇదే. బీపీ అంటే ఒక అంకె అనుకున్నాం. అది పొద్దంతా కదులుతూ ఉంటుంది. తెల్లవారుజామున మనం లేవకముందే పెరగడం మొదలవుతుంది. లేచి పనిలో పడ్డాక ఇంకా పెరుగుతుంది. పగలు పనిని బట్టి, కోపాన్ని బట్టి, నడకను బట్టి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. సాయంత్రానికి నెమ్మదిస్తుంది. రాత్రి గాఢనిద్రలో పగటి కంటే 10 నుంచి 20 శాతం తగ్గాలి. పగలు పై అంకె 130 ఉన్న మనిషికి నిద్రలో 104 నుంచి 117 దాకా దిగాలన్న మాట. గుండెకు, రక్తనాళాలకు దొరికే విశ్రాంతి అదే. ఎడ్లను కూడా పొద్దంతా దున్ని రాత్రి విప్పుతాం కదా.

కొందరికి రాత్రి కూడా తగ్గదు. షుగర్ ఉన్నవాళ్లలో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో, గట్టిగా గురక పెట్టి మధ్యమధ్య ఊపిరి ఆగేవాళ్లలో, సరిగా నిద్ర లేనివాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. వీళ్లకు గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువ. పగలు పది గంటలకు దవాఖానాలో ఒకసారి చూపించుకుంటే ఈ సంగతి బయటపడదు. పెద్ద దవాఖానాల్లో 24 గంటలు చేతికి కట్టి ఉంచే మిషన్ ఉంటుంది. పగలు 15, 20 నిమిషాలకు ఒకసారి, రాత్రి అరగంటకు ఒకసారి అదే కొలిచి రాసుకుంటుంది. అందరికీ అది అక్కర్లేదు. డాక్టరు అవసరమంటేనే. మనకు ఇంట్లో పొద్దున, సాయంత్రం చూసుకునే లెక్క చాలావరకు పనికొస్తుంది.

తెల్లవారు నుంచి మధ్యాహ్నం లోపు గుండెపోట్లు, పక్షవాతాలు ఎక్కువగా వస్తాయని చాలాకాలంగా డాక్టర్లు గమనించారు. మా అక్క పడిపోయింది కూడా ఆ వేళకే.

మేం చేసిన తప్పు

మూడు గ్రామ సంఘాలం కలిసి ఒక డిజిటల్ మిషన్ కొన్నాం. కొన్న ఉత్సాహంలో నెల సమావేశంలోనే అందరికీ చూశాం. ఆ రోజు వాయిదాల దగ్గర పెద్ద లొల్లి అయింది. లొల్లి కాగానే వరసగా చేతులకు పట్టీ కట్టాం. సగం మందికి పైగా ఎక్కువ వచ్చింది. ఒక చెల్లె ఏడుస్తూ ఇంటికి పోయింది. మర్నాడు ఏఎన్ఎం అక్క వచ్చి మళ్లీ చూస్తే చాలామందికి మామూలుగానే ఉంది. మిషన్ మంచిదే. కొలిచిన తీరు తప్పు. కాబట్టి మిషన్ పట్టుకునేవాళ్లంతా ఈ మాటలు గుర్తుపెట్టుకోండి.

కొలిచే ముందు అరగంట చాయ్, కాఫీ, తంబాకు వద్దు. మూత్రం వస్తుంటే పోయి వచ్చి కూర్చోవాలి. వీపు ఆనించి, రెండు పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. జాకెట్ చెయ్యి మీద పట్టీ కట్టొద్దు. ఒట్టి చేతికే కట్టాలి. బిగుతు జాకెట్ చెయ్యిని పైకి లాగి నొక్కుకుపోయేట్టు పెట్టినా తప్పే. ఆ చెయ్యిని బల్ల మీదనో దిండు మీదనో గుండె ఎత్తున పెట్టాలి. వేలాడేస్తే అంకె ఎక్కువ చూపుతుంది. లావు చేతికి చిన్న పట్టీ కట్టినా ఎక్కువే చూపుతుంది. కొలుస్తుంటే మాట్లాడొద్దు. ఒక్క ముచ్చటకే పది పాయింట్ల దాకా పెరగొచ్చు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడాలి. రెండూ రాయాలి. పెట్టెలో పెట్టిన మిషన్‌కు లెక్క ఉండదు. పుస్తకంలో రాసిందే లెక్క.

దవాఖానాలో వేర్వేరు రోజుల్లో చూసినా పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తుంటే బీపీ ఉన్నట్టు. ఇంట్లో నెమ్మదిగా ఉండి చూసుకుంటాం కాబట్టి అక్కడ 135, 85 నుంచే ఎక్కువ కింద లెక్క. కొత్తగా తేలినవాళ్లు, గోళీ మార్చినవాళ్లు ఏడు రోజులు ఇట్లా చేయండి. పొద్దున గోళీ వేసుకోకముందు, చాయ్ తాగకముందు రెండుసార్లు. సాయంత్రం అన్నం తినకముందు రెండుసార్లు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీసి డాక్టరుకు చూపించండి. సగటు తీయడం మన వీవోఏలకు కొత్త కాదు.

గోళీ సంగతి

2017లో దేశంలో బీపీ నియంత్రణ కార్యక్రమం ఐదు రాష్ట్రాల్లో మొదలైంది. వాటిలో తెలంగాణ ఒకటి. ఇప్పుడు పల్లె దవాఖానాల్లో, పీహెచ్‌సీల్లో బీపీ గోళీలు ఉచితంగానే ఇస్తున్నారు. డబ్బులు లేక మానేశామనే అవసరం లేదు. ఒకవేళ ఆ రోజు అక్కడ అయిపోయాయంటే ఊరుకోకుండా మాకు చెప్పండి. పోయి అడుగుతాం.

గోళీ బీపీని అణిచి ఉంచుతుంది, మాయం చేయదు. అంకె మామూలుగా వచ్చిందంటే గోళీ పని చేస్తోందని అర్థం. అప్పుడు మానేస్తే కొద్ది రోజుల్లో మళ్లీ పైకి పోతుంది. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట" అని భయపడి మొదలే పెట్టనివాళ్లు ఉన్నారు. అన్నం కూడా జీవితాంతం తింటున్నాం కదా అక్కా అని మేం నవ్వుతూ చెప్తున్నాం. బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, నడక పెంచినవాళ్లకు డాక్టరే గోళీ తగ్గించవచ్చు. తగ్గించేది డాక్టరు. మనం కాదు.

పొద్దున వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా అని ప్రతి సమావేశంలో అడుగుతున్నారు. ఇంగ్లండు, స్కాట్లాండు వైపు 21 వేలమందికి పైగా మీద ఏళ్ల తరబడి పరిశీలన చేసి 2022లో ఫలితం చెప్పారు. పొద్దున వేసుకున్నవాళ్లకు, రాత్రి వేసుకున్నవాళ్లకు గుండెపోట్లలో, పక్షవాతాల్లో తేడా లేదు. కాబట్టి మరిచిపోకుండా వేసుకోగలిగిన వేళే మంచి వేళ. మూత్రం ఎక్కువ పోయించే గోళీ ఉంటే మాత్రం పొద్దున వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు. డాక్టరు ఫలానా వేళకే అని చెప్పి ఉంటే ఆ మాటే వినండి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాటి గోళీ వేళ దగ్గరికొస్తే పోయినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి మింగొద్దు.

కొన్ని గోళీలకు మడమల దగ్గర వాపు రావచ్చు. కొన్నింటికి పొడి దగ్గు రావచ్చు. అట్లయితే మానేయకుండా పోయి చెప్పండి, వేరేది రాస్తారు. దుబాయి, మస్కట్ పోయినవాళ్లకు కూడా ఈ మాట ఫోన్లో చెప్పండి. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు అన్నీ కొనిస్తాం గానీ, బీపీ చూపించి పంపించేవాళ్లు తక్కువ.

నొప్పి గోళీలు

నాట్ల కాలంలో, కలుపు కాలంలో నడుం నొప్పికి, మోకాళ్లకు మెడికల్ షాపులో ఒక చీటీ కూడా లేకుండా నొప్పి గోళీలు తెచ్చుకుని రోజూ మింగుతాం. సూది కూడా వేయించుకుంటాం. ఆ రకం నొప్పి గోళీలు చాలావాటికి బీపీని పెంచే గుణం ఉంది. కిడ్నీలకూ చేటు. బీపీ గోళీ వేసుకుంటున్నా తగ్గడం లేదని వచ్చిన ఒక అక్క కొంగు ముడి విప్పితే నొప్పి గోళీల పట్టీ బయటపడింది. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఏమేం మింగుతున్నామో అన్నీ చెప్పాలి. సిగ్గు పడొద్దు.

ఉప్పు, తొక్కు

ఇది చెప్పడం మాకే కష్టంగా ఉంది. ఎందుకంటే మన సంఘాల్లో చాలామందికి తొక్కులు, అప్పడాలే ఆదాయం. ఉప్పు తగ్గిస్తే తొక్కు బూజు పడుతుంది. అమ్మేదాన్ని మానమని మేం అనడం లేదు. తినేదాన్ని కొలుచుకోమంటున్నాం.

ఒక మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. తలకొట్టిన ఒక చిన్న చెంచా అంతే. తొక్కులో, అప్పడంలో, ఎండు చేపలో, మిక్చర్‌లో ఉన్నది కూడా అందులోకే వస్తుంది. మన దేశంలో సగటున 8 గ్రాములు తింటున్నామని జాతీయ సర్వేలో తేలింది.

చెంచాలతో కొలవడం వంటింట్లో అయ్యే పని కాదని మాకూ తెలుసు. అందుకే ఒక ఉపాయం చేశాం. మనిషికి 5 గ్రాముల చొప్పున నలుగురికి రోజుకు 20 గ్రాములు. కిలో పాకెట్టు 50 రోజులు రావాలి. పాకెట్టు విప్పిన రోజు దాని మీదనే తేదీ రాయండి. అయిపోయిన రోజు చూడండి. మాలో ఎక్కువమందికి నెల కూడా రాలేదు. అది కూడా తొక్కు పెట్టిన ఉప్పు కలపకుండానే. పెరుగన్నంలో, మజ్జిగలో, అంబలిలో పైనుంచి వేసే ఉప్పు మానేయడంతో మొదలుపెట్టాం. తొక్కు రోజుకు మూడు పూటలది ఒక పూటకు తెచ్చాం. మొదట రెండు మూడు వారాలు చప్పగా అనిపించింది. తర్వాత నాలుక అలవాటు పడింది.

సోడియం తక్కువ ఉండే ఉప్పు అని అంగళ్లలో దొరుకుతోంది. మంచిదే గానీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ గోళీలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా వాడొద్దు. అందులో ఉండే పొటాషియం వాళ్లకు ప్రమాదం. ఎండాకాలం ఉపాధి పనికి పోయి చెమట పోసినప్పుడు కండ్లు తిరిగితే నీడలో కూర్చుని నీళ్లు తాగండి, బీపీ చూపించండి. ఎండలకు కొందరికి బీపీ తగ్గుతుంది. అప్పుడు గోళీ మోతాదు మార్చాల్సి రావచ్చు.

రాత్రి పూట

మన దిక్కున ఆడవాళ్లు రాత్రి పదకొండు దాకా చాట ముందేసుకుని బీడీలు చుడతారు. తంబాకు దుమ్ము, వంగిన నడుం, తగ్గిన నిద్ర. మళ్లీ నాలుగింటికి లేవాలి. నిద్ర సరిపోకపోతే బీపీ రాత్రి దిగదని పైన చెప్పుకున్నాం. చుట్టే లెక్క తగ్గించమంటే ఇల్లెట్లా గడుస్తుందని అడుగుతారు. న్యాయమే. అందుకని మేం కోరేది ఇంట్లోవాళ్లను. రాత్రి అంట్లు, పొద్దుటి నీళ్లు కొడుకో, కోడలో, మొగుడో పంచుకుంటే ఆమెకు ఒక గంట నిద్ర పెరుగుతుంది. ఆ గంట కూడా మందు కిందే లెక్క.

గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడే వాళ్లుంటే ఇంట్లోవాళ్లే డాక్టరుకు చెప్పాలి, వాళ్లకు తెలియదు కాబట్టి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు ఒక్కసారిగా నిలబడొద్దు. ముందు మంచం మీద కూర్చుని, కాళ్లు కిందికి వేసి, ఒక నిమిషం ఆగి లేవండి. గోళీలు వేసుకునే పెద్దవాళ్లు పడిపోయేది ఎక్కువగా ఇట్లాగే.

కడుపుతో ఉన్నవాళ్లకు

ఐదో నెల దాటినాక బీపీ పెరగడం, తలనొప్పి, కండ్లు మసకలు, మొహం చేతులు ఉబ్బడం కనిపిస్తే అదే రోజు దవాఖానాకు పోవాలి. ఆగితే తల్లీ బిడ్డా ఇద్దరికీ గండం. ముందునుంచి బీపీ గోళీలు వాడేవాళ్లు నెల తప్పగానే డాక్టరుకు చెప్పాలి. కొన్ని గోళీలు కడుపులో బిడ్డకు మంచివి కావు, వెంటనే మారుస్తారు. కాన్పులో బీపీ పెరిగినవాళ్లకు తర్వాత వయసులో కూడా వచ్చే అవకాశం ఎక్కువ. ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలి.

ఆపద వేళ

మూతి వంకర పోయినా, ఒక చెయ్యి గానీ కాలు గానీ పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకుని చెప్పండి. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతమైతే గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ముందు స్కానింగ్ తీసి చూసే ఇస్తారు. ప్రయాణం, స్కానింగ్ అన్నీ ఆ లోపల కావాలంటే పసరుకు, మంత్రానికి సమయం లేదు. నోట్లో నీళ్లు, అన్నం, ఏ గోళీ పెట్టొద్దు. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బీపీ 180, 120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసక ఉంటే కూడా అంతే. ఏ బాధా లేకుండా అంత వస్తే ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అట్లాగే ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోండి.

మేం అడుగుతున్నది

మహాసభ ముందు మూడు మాటలు పెడుతున్నాం. మొదటిది, ప్రతి గ్రామ సంఘం సమావేశంలో వాయిదాలు చదివిన తర్వాత "గోళీలు అయిపోయినవాళ్లు ఎవరు?" అని అడగాలి. అంకెలు అందరి ముందూ చదవక్కర్లేదు. అవి ఆమె పుస్తకంలోనే ఉండాలి. రెండోది, గోళీలు తెచ్చుకోవడానికి పోలేని వాళ్లకు ఆ సంఘంలోనే ఒక జోడీని పెట్టాలి. మూడోది, బీపీ చూసే వేళ సమావేశానికి ముందు పెట్టాలి. లొల్లి అయినాక కాదు.

మా అక్క ఈ రోజు సభకు వచ్చింది. ముందు వరుసలోనే కూర్చుంది. ఆమె బాకీకి గడువు పెంచాం, ఆమె చేయలేని పనిని కోడలు అందుకుంది. ఇప్పుడు మా సంఘంలో "గోళీ వేసుకున్నవా?" అని అందరినీ అడిగేది ఆమెనే. ఈ ప్రసంగం రాసేటప్పుడు తన సంగతి చెప్పొచ్చా అని అడిగితే, "చెప్పుండ్రి. నా లెక్క ఇంకొకరు పడొద్దు" అంది.

 బయట మిషన్ పెట్టాం. ముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, తర్వాత చెయ్యి ఇవ్వండి.